రెండుసార్లు పోగొట్టుకున్న ఆట

2025 అక్టోబరులో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ పేరు మారింది, ఊరూ మారింది. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అన్న కొత్త పేరుతో దేశ రాజధానికి తరలిపోయింది. అంతకు మూడున్నరేళ్ల ముందే ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన జట్టు అది. పసుపు, నలుపు జెర్సీలు వేసుకుని గచ్చిబౌలి గ్యాలరీలో గొంతు చించుకున్న పిల్లలకు ఇంకో సీజన్ ఉందో లేదో చెప్పిన నాథుడు లేడు. ఆ కబురు సోంపేటలో మా వీధికి వార్తే కాలేదు. పోయినవారికి పదో రోజో పన్నెండో రోజో పదిమందిని కూర్చోబెట్టి వాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాం. పోయిన జట్టుకు ఆ మర్యాద లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

సోంపేట వాడికి హైదరాబాద్ జట్టు మీద ఈ బెంగేమిటని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. మాది కబడ్డీ, వాలీబాల్ ఆడే సీమ. బారువ నుంచి పలాస దాకా ఇసుక మీద తెల్లవారక ముందే పరుగెత్తే కుర్రాళ్లందరూ మిలిటరీ సెలక్షన్ల కోసం పరుగెత్తేవాళ్లే. రైలు దూరం లెక్కేస్తే మాకు హైదరాబాద్ కంటే కలకత్తా దగ్గర. ఫుట్‌బాల్ మాకు వచ్చింది కూడా ఆ దిక్కు నుంచే. ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు వలస వెళ్లిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మా పెదనాన్న అక్కడే పనిచేశాడు. పండక్కి ఊరొస్తే సంచిలో మిఠాయితో పాటు కలకత్తా మైదానం కబుర్లు తెచ్చేవాడు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ అన్న పేర్లు మేం సినిమా హీరోల పేర్లతో సమానంగా విన్నాం. ఆ కబుర్లన్నిట్లో ఆయన ఛాతీ ఉబ్బించి చెప్పే మాట ఒకటుండేది. "ఒరే గుంటడా, కలకత్తాని ఆడిస్తన్నోడు ఎవుడనుకున్నావు? హబీబు. ఆడు మన హైద్రాబాదోడేరా!"

అలా మా హైదరాబాద్ మాకు కలకత్తా మీదుగా చేరింది. ఆ నగరం ఫుట్‌బాల్ విషాదం కూడా అందులోనే ఉందని ఆ వయసులో తెలియదు. ఊరు పెంచిన ఆటగాళ్లను వెయ్యి కిలోమీటర్ల అవతల ఇంకో ఊరు చప్పట్లతో చూస్తుంటే, పెంచిన ఊరి మైదానాలు ఒక్కొక్కటే బోసిపోతూ వచ్చాయి.

పెదనాన్న చెప్పిన పేర్ల వెనక ఒక బడిపంతులు ఉన్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీం. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఏడాది నుంచి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్‌ను వరసగా ఐదుసార్లు ఆ పోలీసులే గెలిచారు. 1950 డ్యూరాండ్ కప్ తుదిపోరులో మోహన్ బగాన్ ముందు రెండు గోల్స్ వెనకబడి, చివర్లో రెండూ కొట్టి సమం చేసి, మళ్లీ ఆడిన మ్యాచ్‌లో ఒక్క గోల్‌తో కప్పు ఎత్తుకొచ్చారు. ఫుట్‌బాల్ అంటే బెంగాల్ సొత్తు అనుకునే రోజులవి. కానిస్టేబుల్ జీతం మీద బతికే దక్కనీ కుర్రాళ్లు కలకత్తా దొరబాబుల జట్లను ఓడించి వస్తుంటే హైదరాబాద్ వీధులు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోవలసిందే. నగరం 1956-57లోనూ, 1957-58లోనూ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టుకు కోచ్ రహీం. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, బలరాం... జాబితా చదువుతుంటే హైదరాబాద్ పోలీస్ లైన్లో హాజరు పిలుస్తున్నట్టే ఉంటుంది.

పెద్ద కప్పుల లెక్కకన్నా రహీం పిల్లలతో చేసిన పని నాకు ఎక్కువ ముఖ్యం. బంతి కాలికి అంటించుకుని తిరగకూడదన్న నియమంతో ఆయన పోటీలు పెట్టాడు. బంతి అందగానే ఇంకొకడికి ఇచ్చేయాలి. వాటం లేని కాలితోనే తన్నాలన్న పోటీలు కూడా పెట్టాడు. ఇవాళ ఐరోపా అకాడమీలు లక్షలు తీసుకుని నేర్పే పాఠాలను ఆయన బడి పిల్లలకు ఊరికే నేర్పాడు. అమ్ముగూడలో పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం. రోజూ ప్రాక్టీసుకు అంత దూరం రాలేనంటే సైకిల్ అద్దెకు తన జేబులోంచి డబ్బిచ్చి రహీం రప్పించుకున్నాడని చెబుతారు. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారం తెచ్చిన జట్టులో ఉన్నాడు. ఆ పతకం వచ్చేనాటికే రహీం ఊపిరితిత్తులను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న ఆయన పోయాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఇంకో బంగారం రాలేదు.

పతనం అక్కడే మొదలైంది. కాకపోతే వెంటనే కనపడలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ దాకా ఒకే రాష్ట్రంగా ఉన్న కాలం కాబట్టి ఆ కప్పులో మా వాటా కూడా ఉందని పెదనాన్న లెక్క. తెలుగువాళ్లకు ఆ కప్పు మళ్లీ దక్కలేదు. ఆరు దశాబ్దాలు దాటిపోయాయి.

ఏమైందని అడిగితే ఒక్క కారణం చెప్పి తప్పుకోలేం. కలకత్తా క్లబ్బులు డబ్బుతో పిలిచాయి, కుర్రాళ్లు వెళ్లారు. వాళ్లను తప్పు పట్టలేం. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, చివరికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టులో చేరాడు. అనారోగ్యం ఆయన ఆటను అర్ధాయుష్షుతో ఆపేసింది. నయీముద్దీన్ వెళ్లాడు, 1970 బాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకుడయ్యాడు. హబీబ్ వెళ్లాడు, వెనకే తమ్ముడు అక్బర్ వెళ్లాడు. 1976లో ఈస్ట్ బెంగాల్ మీద మోహన్ బగాన్ తరఫున 17 సెకన్లకే గోల్ కొట్టి కలకత్తాను నిశ్చేష్టం చేసింది ఆ అక్బరే. షబ్బీర్ అలీ 1974లో బాంకాక్‌లో ఆసియా యువజన పోటీల్లో భారత జూనియర్ జట్టుకు నాయకత్వం వహించాడు. ఇరాన్‌తో కలిసి ఆ కప్పు పంచుకున్నాం. జూనియర్ స్థాయిలో ఆసియా విజేతలం అయ్యామన్న సంగతి ఇప్పటి పిల్లల్లో ఎందరికి తెలుసు? షబ్బీర్‌ను కూడా కలకత్తా పట్టుకుపోయింది.

పోయినవాళ్ల చోట్లో కొత్తవాళ్లు పుట్టాలి కదా. అక్కడే చెయ్యి జారింది. రహీం ఉండగా బడి నుంచి పేట జట్టుకు, పేట జట్టు నుంచి పోలీసు జట్టుకు మెట్లున్నాయి. పోలీసు జట్టులో చోటంటే ఉద్యోగం. ఉద్యోగమంటే ఇంట్లో అమ్మానాన్నలు కొడుకును మైదానానికి పంపడానికి ఒప్పుకునే మాట. క్రీడా కోటా కొలువులు తగ్గుతూ వచ్చాయి. ఫతే మైదానం లాల్ బహదూర్ స్టేడియం అయింది, జనం కళ్లు క్రికెట్ వైపు తిరిగాయి. సంఘాల్లో వర్గాలు పుట్టి, లీగ్ కొన్నేళ్లు సాగి కొన్నేళ్లు ఆగే పరిస్థితి వచ్చింది. ఏటా ఆడే లీగ్ లేని ఊళ్లో పద్నాలుగేళ్ల కుర్రాడు ఎవరి కోసం ఆడాలి? వాడు బ్యాటు పట్టుకున్నాడు, లేదా ఎంసెట్ పుస్తకం పట్టుకున్నాడు. ఒక తరం అలా జారిపోయింది. తర్వాతి తరానికి జారిపోయిన సంగతే తెలియలేదు.

బతుకుతెరువు కోసం మా ఉద్దానం కుర్రాళ్లు విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కినట్టే నేనూ ఎక్కాను, హైదరాబాద్‌లో చాలాకాలం ఉన్నాను. పెదనాన్న కబుర్లు బుర్రలో మోసుకుంటూ వెళ్లినవాణ్ని. ఆదివారాలు సికింద్రాబాద్ జింఖానా మైదానం పక్కన నిలబడి చూస్తే పదిమంది ముసలివాళ్లు, ఒక టీ డబ్బా, మట్టిలో పడి లేస్తున్న కుర్రాళ్లు. ఆ ముసలివాళ్ల ఉర్దూ నాకు సగమే అర్థమయ్యేది. వాళ్లు తిట్టే తిట్లలో మాత్రం ఆట మీది ప్రేమ పూర్తిగా అర్థమయ్యేది.

అందుకే 2019 ఆగస్టులో హైదరాబాద్‌కు ఐఎస్ఎల్ జట్టు వస్తోందన్నప్పుడు నా ఆనందం చెప్పలేను. నిజానికి అది ఇంకో ఊరి కన్నీటి మీద కట్టిన జట్టు. ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే దాని స్థానం మనకు దక్కింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని యజమానులు. తర్వాత రానా దగ్గుబాటి భాగస్వామిగా చేరాడు. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ కూడా ఊరు ఖాళీ చేసి భువనేశ్వర్ వచ్చి ఒడిశా ఎఫ్‌సీగా మారింది. అభిమానులు ఉన్న చోటే ఉండగా జట్టు సామాను సర్దుకుని వెళ్లిపోగలదన్న సంగతి అప్పుడే గ్రహించి ఉండాల్సింది మనమంతా. పుణె వాళ్ల కోసం ఆ రోజు ఎవరూ బాధపడలేదు.

మొదటి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో 5-0తో చిత్తయ్యారు. గచ్చిబౌలిలో మొదటి మ్యాచ్ మాత్రం కేరళ బ్లాస్టర్స్ మీద 2-1తో గెలిచారు. మార్సెలీనో కొట్టిన ఫ్రీకిక్ వంపు తిరిగి వలలో పడ్డప్పుడు నా పక్కన కూర్చున్న అపరిచితుడు నన్ను కౌగిలించుకున్నాడు. ఆ సీజన్‌లో అలాంటి రాత్రులు ఎక్కువ లేవు. 10 పాయింట్లతో అట్టడుగున మిగిలారు. అయినా డెక్కన్ లీజియన్ అని పేరు పెట్టుకున్న అభిమానుల గుంపు డోళ్లు మోగిస్తూనే ఉంది. 30 వేల మంది పట్టే స్టేడియంలో వాళ్లు పిడికెడు. ఆ పిడికెడు మందే ఆ జట్టుకు ఊరు.

2020లో స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు. కోవిడ్ కూడా వచ్చింది. రెండు సీజన్ల పాటు లీగ్ అంతా గోవాలోనే, తలుపులు మూసిన స్టేడియాల్లో జరిగింది. మనోలో కుర్రాళ్లను నమ్మాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో, మహమ్మద్ యాసిర్... ఇరవై చుట్టుపక్కల వయసు వాళ్లను వరసగా దించి, బంతిని నేల మీదే ఆడించాడు. కాలికి అంటించుకోకుండా ఇంకొకడికి ఇచ్చేయమన్న రహీం పాఠమే మళ్లీ హైదరాబాద్ పేరు మీద ఆడుతున్నట్టు నాకు తోచేది. 2021-22లో లీగ్ పట్టికలో 38 పాయింట్లతో రెండో స్థానం. నైజీరియా ఫార్వర్డ్ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు.

2022 మార్చి 20, ఫటోర్డా స్టేడియం, తుదిపోరు కేరళతో. ఆ రోజు గ్యాలరీల్లోకి జనాన్ని రానిచ్చారు. స్టేడియమంతా పసుపు. అదంతా కేరళ పసుపు. మైదానంలో మాత్రం పసుపు జెర్సీ మనది, కేరళ నల్ల జెర్సీలో ఆడింది. 68వ నిమిషంలో కేరళ గోల్ కొట్టింది. 88వ నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా గాల్లో దిగుతున్న బంతిని దూరం నుంచే తన్నాడు. సమం. పెనాల్టీ షూటౌట్‌లో గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. నార్జరీ ఆఖరిది వేశాడు. 3-1. హైదరాబాద్ ఛాంపియన్. సోంపేటలో మా ఇంట్లో రాత్రివేళ నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్లు లేచి వచ్చారు. ఖరగ్‌పూర్ పెదనాన్న అప్పటికి లేడు. ఉంటే ఆ రాత్రి ఆయనకు ఫోన్ చేసి, కలకత్తా పట్టుకుపోయింది మళ్లీ మన ఊరికి వచ్చిందని చెప్పేవాణ్ని.

ఒక మాట దాచుకోలేను. ఆ ఛాంపియన్ జట్టు ఆ సీజన్‌లో హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. తుదిపోరుకు దిగిన పదకొండు మందిలో తెలుగు నేల మీద పెరిగిన కుర్రాడు ఒక్కడూ లేడు. గోవా, సిక్కిం, మణిపుర్, బెంగాల్, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, బ్రెజిల్, స్పెయిన్, నైజీరియా. వాళ్లందరినీ నేను ప్రాణంగా ప్రేమించాను. అకాడమీకి, రిజర్వు జట్టుకు కూడా మంచి కుర్రాళ్లే వచ్చారు. కేరళ నుంచి అబ్దుల్ రబీ వచ్చాడు. కానీ పాతబస్తీ, సికింద్రాబాద్, నిజామాబాద్, విశాఖల పిల్లలు ఆ మెట్ల దాకా రాలేకపోయారు. ఎందుకంటే కింది మెట్లు మనం ఎప్పుడో పీకేసుకున్నాం. పైన గోపురం కట్టినవాళ్లు కింద చూసుకోలేదు, చూసుకోమని మనమూ అడగలేదు.

2022-23లో జట్టు గచ్చిబౌలికి తిరిగొచ్చింది. 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం. సెమీస్‌లో మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లూ గోల్ లేకుండా ముగిసి, కోల్‌కతాలో షూటౌట్‌లో ఓడిపోయారు. ఓడినా ఆ సీజనే మాకు పండగ. టికెట్టు కొనుక్కుని, బస్సెక్కి వెళ్లి, ఛాంపియన్ జట్టును కళ్లారా చూసిన ఒకే ఒక్క సీజన్ అది. ఆ సీజన్ తర్వాత మనోలో గోవా వెళ్లిపోయాడు. ఆకాశ్ మిశ్రా ముంబై వెళ్లాడు. ఆశిష్ రాయ్, కొలాసో అంతకుముందే మోహన్ బగాన్‌లో చేరారు. మళ్లీ అదే కథ.

తర్వాత జరిగింది చెప్పడానికి చెయ్యి ఆడదు. 2023-24లో జీతాలు ఆగాయి. పాత ఆటగాళ్లకు ఇవ్వాల్సిన సొమ్ము ఇవ్వలేదని ఫిఫా కొత్తవాళ్లను తీసుకోవడానికి వీల్లేదని నిషేధం విధించింది. ఐరిష్ కోచ్ కోనర్ నెస్టర్ సీజన్ మధ్యలోనే వెళ్లిపోయాడు. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే విమానం ఎక్కారు. జనవరిలో మనవాళ్లలో పెద్ద పేర్లూ వెళ్లాయి. బ్రెజిల్ వాడు జవో విక్టర్ మాత్రం ఉండిపోయాడు. 2022లో కప్పు ఎత్తిన కెప్టెన్ అతనే. ఓడే జట్టులో పిల్లల మధ్య నిలబడి ఆడాడు. ఎక్కడి బ్రెజిల్, ఎక్కడి గచ్చిబౌలి! నా దృష్టిలో హైదరాబాద్ పౌరసత్వం ఇవ్వాల్సిన మనిషి.

మిగిలింది జూనియర్లు. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో చేతిలో ఉన్నది వాళ్లే. రిజర్వు జట్టులో ఇంకో రెండేళ్లు నెమ్మదిగా ఎదగాల్సిన కుర్రాళ్లను తీసుకొచ్చి దేశంలోని పెద్ద జట్ల ముందు నిలబెట్టారు. వారం వారం ఓడారు. 22 మ్యాచుల్లో ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. ఆ ఒక్క గెలుపు 2024 మార్చిలో చెన్నైయిన్ మీద వచ్చింది. ఆ రాత్రి వాళ్ల ముఖాలు చూసి ఏడ్చాను. ఎందుకంటే 2022 కప్పు కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఉన్న గెలుపు. ఇది మాత్రం జీతం సరిగా రాని కుర్రాళ్లు, ఓడిపోతామని తెలిసీ బూట్లు బిగించుకుని గెలిచిన గెలుపు. పెద్దలు చేసిన అప్పును పిల్లల కాళ్లతో తీర్పించడం తెలుగు ఆటల చరిత్రలో ఒక సిగ్గుమాలిన అధ్యాయం. ఆ మాట అనడానికి నాకేమీ సంకోచం లేదు.

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకుంది. ఊపిరి పీల్చుకున్నాం. అదే ఏడాది సెప్టెంబరులో భారత జట్టు గచ్చిబౌలికి వచ్చింది. ఆ జట్టుకు కొత్త కోచ్ మన మనోలోయే. మారిషస్‌తో గోల్ లేని డ్రా. తనను ఛాంపియన్ చేసిన ఊరి మైదానంలో, ఆ ఊరి క్లబ్ కొన ఊపిరితో ఉండగా, ఆయన జాతీయ గీతానికి నిలబడ్డాడు. డిసెంబరులో సంతోష్ ట్రోఫీ ఆఖరి అంకం కూడా హైదరాబాద్‌లోనే జరిగింది. బెంగాల్ కేరళను ఓడించి కప్పు పట్టుకెళ్లింది. ఊరు అతిథులకు మైదానాలు సర్దిపెట్టే ఊరైపోయింది. ఇక హైదరాబాద్ క్లబ్ 2024-25ను 13 జట్లలో 12వ స్థానంతో ముగించింది. మరుసటి అక్టోబరుకు ఢిల్లీ వెళ్లిపోయింది.

మా సోంపేట వాళ్లకు బీల ఉంది. ఆ తంపర భూముల్లో థర్మల్ ప్లాంటు పెడతామన్నప్పుడు ఊళ్లు ఊళ్లే అడ్డం పడ్డాయి. 2010 జులై 14న తూటాలకు ప్రాణాలు పోయాయి. ప్లాంటు మాత్రం రాలేదు. బీల మాదని మాకు తెలుసు కాబట్టి నిలబడగలిగాం. గచ్చిబౌలి అభిమాని అలా నిలబడలేకపోయాడు. క్లబ్ తనదని గుండె చెప్పింది గానీ కాగితం చెప్పలేదు. కాగితం మీద అది ఒక కంపెనీ. జర్మనీలో క్లబ్ ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది, బేయర్ లెవర్కుసెన్ లాంటి ఒకటి రెండు మినహాయింపులున్నా. అలాంటి నియమం మన దేశంలో ఉండి ఉంటే పుణె జట్టు హైదరాబాద్ వచ్చేది కాదు, హైదరాబాద్ జట్టు ఢిల్లీ వెళ్లేది కాదు. రెండు ఊళ్ల పిల్లలూ బాగుపడేవాళ్లు.

తెలుగు నేలకు ఇంకో ప్రొఫెషనల్ జట్టుంది, శ్రీనిధి దక్కన్. ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 రెండేళ్లూ రెండో స్థానంలో నిలిచిన గట్టి జట్టు. పిల్లల అకాడమీగా మొదలై పైకెదిగిన సంస్థ కాబట్టి నాకు దాని మీద గౌరవం ఎక్కువ. 2020లో దానికి అవకాశం ఇచ్చినప్పుడు సొంతూరు విశాఖపట్నం అన్నారు. ఉత్తరాంధ్రలో మేం పొంగిపోయాం, రాత్రి రైలెక్కి మ్యాచ్ చూసి పొద్దున్నకు ఇల్లు చేరొచ్చని లెక్కలేసుకున్నాం. జట్టు హైదరాబాద్ శివార్లలోని దక్కన్ అరేనాలో స్థిరపడింది. ఇప్పుడు సోంపేటకు దగ్గర్లో పెద్ద జట్టంటే భువనేశ్వర్‌లోనిదే. మా మేనల్లుడు ఒడిశా జెర్సీ కొనుక్కున్నాడు. "మావా, కళింగా స్టేడియం మన ఊరికి ఎంత దగ్గరో చూడు, నువ్వూ రా" అంటాడు. వాడికి కాదని చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు.

బలరాం 2023 ఫిబ్రవరి 16న బెంగాల్‌లోనే కన్నుమూశాడు. పద్మ పురస్కారం ఆయన దాకా రాలేదు. అదే ఏడాది ఆగస్టు 15న హబీబ్ హైదరాబాద్‌లో పోయాడు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2తో నిలబడినప్పుడు, అందులో ఒక గోల్ కొట్టిన మనిషి. 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా రహీం కథ చెప్పాక, ఈయన మన ఊరి వాడా అని హైదరాబాద్ కుర్రాళ్లు ఆశ్చర్యపోయారు. అరవై ఏళ్లు మనం చెప్పని కథ బొంబాయి వాళ్లు చెప్పాల్సి వచ్చింది.

నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది. క్రొయేషియాలో డినామో జాగ్రెబ్‌కు కూడా ఆడి వచ్చింది. అంటే నేల గొడ్డుపోలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానం కొబ్బరి తోటలు నేలమట్టమైనప్పుడు, మా రైతులు ఎదిగిన చెట్లను ఎక్కడి నుంచో తెచ్చి పాతలేదు. మొక్కలు నాటి, కాపు కోసం ఏళ్ల తరబడి కాచుకున్నారు. హైదరాబాద్ ఫుట్‌బాల్‌ను రహీం నిలబెట్టిందీ అలాగే. 2019లో మనం చేసింది అందుకు పూర్తిగా విరుద్ధం.

రేపు ఇంకో సంస్థ, ఇంకో పేరు, ఇంకో రంగు జెర్సీతో తెలుగు నగరానికి జట్టు తెస్తానంటుంది. రావచ్చు. వచ్చిన రోజున టికెట్టు కొనేముందు మూడు సంగతులు అడగండి. మీ పదమూడేళ్ల లోపు జట్టు ఎక్కడ ఆడుతోంది? అందులో ఈ జిల్లాల పిల్లలు ఎంతమంది? క్లబ్ ఊరు మార్చాలంటే అభిమానుల మాట ఎవరైనా వింటారా? జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. ఈలోగా మీ పేటలో, మీ బడిలో, జింఖానాలోనో విశాఖలోనో అనంతపురంలోనో పిల్లల జట్టు ఏదైనా ఆడుతుంటే ఆదివారం పొద్దున్న వెళ్లి గీత పక్కన నిలబడండి. వాళ్లకు బూట్లు లేకపోతే కొనివ్వండి, లీగ్ జరగకపోతే సంఘం వాళ్లను ఎందుకు జరపలేదని నిలదీయండి. పెద్ద జట్టు సంగతి తర్వాత చూసుకుందాం.